తప్పుల పేజీ

మొన్న సోమవారం బడి వదిలే వేళకు ఒకామె రొయ్యల మేత సంచి చంకన పెట్టుకుని మా వరండాలోకి వచ్చింది. సంచి నిండా పుస్తకాలు. "మా వదిన పోయి నెల దాటింది టీచరమ్మా. ఇవి మీకే ఇమ్మని చెప్పి పోయింది. ఇంట్లో ఉంటే చెదలు పడతాయని తెచ్చినా," అంది. నేను చెయ్యి చాచలేదు. కుర్చీ చూపించాను, నీళ్ళిచ్చాను, ఎండ గురించీ ఆటోల గురించీ ఏదేదో వాగాను. ఆమె వెళ్ళిపోయాక ఆ సంచి నా బల్ల పక్కన నేల మీదే ఉండిపోయింది. రెండు రోజులు దాన్ని దాటుకుంటూ నడిచాను.

ఆమె వదిన, అంటే ఆమె భర్త తోడబుట్టిన అక్క, నాకూ అక్కే. తోబుట్టువు కాదు, చుట్టమూ కాదు. ఒకే చర్చి, ఒకే వీధి. తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు వెళితే వచ్చే మా ఊళ్ళో ఒక మేతల కొట్టుంది. ఆ కొట్టు వెనక గదిలో రొయ్యల గుంటల నీళ్ళు పరీక్ష చేసి చెప్పడం ఆమె పని. రైతులు కూల్‌డ్రింకు సీసాల్లో నీళ్ళు పట్టుకొచ్చి వరసగా నిలబడేవాళ్ళు. ఆమె సీసా ఎత్తి వెలుతురుకు పట్టేది. ఆ తర్వాత సీసాను వదిలేసి మనిషిని చూసేది. "ఏందన్నా, నీ కళ్ళూ నీ నీళ్ళూ ఒకే రంగులో ఉండాయి. రొయ్యకి మేత వేస్తా ఉండావు సరే, నువ్వు తిన్నావా?" అనేది. గుంట చచ్చిపోతోందని ఏడుపు ముఖంతో వచ్చినవాడు కూడా నవ్వేవాడు. ఆమె వేళ్ళ చివర్లు ఎప్పుడూ ఊదారంగులో ఉండేవి, పరీక్షకు వాడే మందు మరక. ఎంత తోమినా పోయేది కాదు. పెళ్ళిళ్ళలో ఫొటో తీస్తుంటే చేతులు పైట కింద దాచుకునేది.

ఇంతమందికి నీళ్ళ సంగతి చెప్పే మనిషికి ఒకే పిచ్చి. టీచరు కావాలి. డీఎస్సీ ఎప్పుడు పడితే అప్పుడు రాసేది. ప్రతిసారీ కాస్తలో పోయేది. పెళ్ళి మాట ఎత్తితే "ఉద్యోగం రానీ, అప్పుడు నన్నెవరు చేసుకుంటారో నేనే చూసుకుంటా," అనేది. అలా అంటూ అంటూనే నలభై దాటేసింది.

ఆమె నోట్సు గురించి చెప్పాలి. అది చెప్పకపోతే ఆమెను చెప్పినట్టే కాదు.

మేతల కంపెనీలు ఏటా క్యాలెండర్లు ఇస్తాయి. ఏడాది అయిపోగానే ఊళ్ళోవాళ్ళందరి గోడల మీది క్యాలెండర్లూ ఆమెకే చేరేవి. వెనక వైపు తెల్లగా, నున్నగా ఉంటుంది. ఆ కాగితాన్ని ముక్కలుగా కోసి, వల అల్లే నైలాను దారంతో పుస్తకంగా కుట్టేది. లెక్కలకో పుస్తకం, సైన్సుకో పుస్తకం, సాంఘికం, తెలుగు, పిల్లల మనస్తత్వం, అన్నిటికీ తలా ఒకటి. పుస్తకం ఏదైనా పద్ధతి ఒకటే. ఒక విషయానికి ఒక్క పేజీ. "పేజీ దాటిందంటే మనకే అర్థం కాలేదని లెక్క. అర్థం కానిదాన్ని పిల్లోళ్ళకి ఏం చెప్తాం?" అనేది.

ఆ ఒక్క పేజీలో ఆమె పెట్టే ఉదాహరణలు ఏ గైడులోనూ ఉండవు. ఉప్పేసిన మామిడిముక్క రాత్రికి రాత్రి ఊట వదలడం ద్రవాభిసరణం. అందరి గుంటలూ ఒకే వారం పట్టుబడికొస్తే రొయ్య రేటు పడిపోవడం సప్లై, డిమాండ్. ఆటో బ్రేకు వేస్తే డ్రైవరు పక్కన వేలాడుతున్న లావాటి మనిషి ముందుకు తూలడం జడత్వం, దానికి బొమ్మ కూడా. ప్రాథమిక హక్కులకూ ఆదేశిక సూత్రాలకూ తేడా నాకు ఎన్నిసార్లు చదివినా బుర్రకెక్కేది కాదు. ఆమె పేజీలో ఇలా ఉంది: "హక్కు అంటే తాళంచెవి నీ చేతిలో ఉండటం. ఆదేశిక సూత్రం అంటే ఇల్లు కట్టిస్తాలే అని మేస్త్రీ చెప్పడం." ఇప్పటికీ మర్చిపోలేదు.

"ఇట్టా రాస్తే మార్కులు వేస్తారా అక్కా?" అని అడిగానొకసారి.

"మార్కులకి వేరే పుస్తకాలు ఉండాయిలే బుజ్జమ్మా. ఇది మనకి తెలవడానికి," అంది. నన్ను బుజ్జమ్మా అనే పిలిచేది. ఎవరికైనా ఏదైనా అనుమానం వస్తే ఆమె నోటి నుంచి వచ్చే మాట ఒకటుంది, "గుంటనడుగు." పుస్తకంలో ఏమున్నా ఒకసారి గుంటలో చూసుకుంటే తేలిపోతుందని ఆమె నమ్మకం. ఆమ్లమా క్షారమా, బరువెక్కువా తక్కువా, అన్నిటికీ గుంటే సాక్షి.

ప్రతి పుస్తకం చివరి కాగితానికి "తప్పుల పేజీ" అని పేరు. పుస్తకం అడిగితే ఎవరికైనా ఇచ్చేది, కాదనేది కాదు. కానీ తిరిగి ఇచ్చేటప్పుడు ఆ చివరి పేజీలో రాయాలి. ఎక్కడ తప్పుందో, పట్టుకున్నదెవరో పేరుతో సహా. ఏమీ దొరకకపోతే "తప్పులు లేవు" అని రాసి సంతకం పెట్టాలి. తప్పు పట్టినవాళ్ళకు తప్పుకొక మలై కాజా. నెల్లూరు వెళ్ళినప్పుడల్లా అందుకోసమే తెచ్చి డబ్బాలో దాచేది. ఒకసారి లెక్కల పుస్తకంలో నేను మూడు తప్పులు పట్టాను. ఆమె సంబరం చూడాలి! కొట్లో ఉన్న రైతులందరికీ చూపించింది. "చూసినారా, మా బుజ్జమ్మ కళ్ళా అవి, డేగ కళ్ళా? ఇంట్లో దొరికిన తప్పు మంచిదన్నా. పరీక్షలో దొరికితే దాన్నేం చేసుకుంటాం?" మూడు కాజాలూ అక్కడే నిలబెట్టి తినిపించింది. నాలుగోది కూడా పెట్టబోతే పారిపోయాను.

ఏడేళ్ళ కిందట మళ్ళీ డీఎస్సీ పడింది. వయసు హద్దు లెక్క చూస్తే అదే ఆమెకు ఆఖరుసారి. నాకు మొదటిసారి. మా ఇద్దరిదీ ఒకే లిస్టు. ఆ ఏడే మా నాన్న గుంట తెల్లమచ్చ తెగులుకు పోయింది. నాకు ఉద్యోగం రావాలని ఇంట్లో అందరూ నా ముఖం చూస్తున్నారు. ఇదంతా సాకు కోసం చెప్పడం లేదు. అలా ఉన్నాయి రోజులు, అంతే.

పరీక్షకు తొమ్మిది రోజుల ముందు ఆమె సైన్సు పుస్తకం నా దగ్గరుంది. ముప్పై ఎనిమిదో పేజీలో నీటిలో కరిగే వాయువుల గురించి ఇలా రాసింది: "నీళ్ళు వేడెక్కే కొద్దీ ప్రాణవాయువు ఎక్కువగా కరుగుతుంది. రుజువు: మన గుంట. పొద్దున్నే మీటరు పెడితే నాలుగు. మధ్యాహ్నం ఎండలో పెడితే ఎనిమిది." పక్కన సూర్యుడు, గుంట, నవ్వుతున్న రొయ్య బొమ్మ.

అది తప్పు. నీళ్ళు వేడెక్కితే వాయువు తక్కువే కరుగుతుంది. సోడా సీసాను ఎండలో పెట్టి మూత తీస్తే గ్యాసంతా పొంగి పోవడం లేదూ? గుంటలో మధ్యాహ్నం ప్రాణవాయువు పెరిగేది వేడి వల్ల కాదు, నీళ్ళలో ఉండే పచ్చని పాచి ఎండకు ఆహారం తయారుచేసుకుంటూ దాన్ని వదలడం వల్ల. రోజూ మీటరు పట్టుకునే మనిషి తప్ప ఇంకెవరూ చేయని తప్పు అది. పుస్తకం చదివి బట్టీ పట్టినవాళ్ళకు అసలు ఆ ఆలోచనే రాదు. గుంటనడిగింది, గుంట చెప్పింది, ఆమె రాసుకుంది.

చూడగానే నాకు సంతోషమే వేసింది. కాజా గుర్తొచ్చింది. చెప్పాలనే కొట్టుకు వెళ్ళాను. ఇది మాత్రం నిజం, చెప్పాలనే వెళ్ళాను.

ఆమె ముందు ఏడెనిమిది సీసాలున్నాయి. "కూర్చో బుజ్జమ్మా, వస్తా ఉండా," అంది. సీసాలో మందు చుక్కలు వేస్తూ, తల ఎత్తకుండానే, "ఈ తూరి నాకు వచ్చేస్తాదే. ఎందుకో గుండె చెప్తా ఉండాది. ఒక్క పోస్టు ఉన్నా అది నాదే, చూడు," అంది. గొప్పకు అనలేదు. చిన్నపిల్ల పండగ గురించి చెప్పుకున్నట్టు చెప్పుకుంది. ఒక్క పోస్టే ఉంటే మరి నేనో? అది నా మనసులో పడింది. పడ్డాక నేను నోరు తెరవలేదు. ఒక్క నిమిషం పట్టే మాట. ముప్పై ఎనిమిదో పేజీ తప్పక్కా, అంటే అయిపోయేది. బల్లకు దారంతో కట్టిన పెన్ను తీసుకుని, చివరి పేజీ తెరిచి, "తప్పులు లేవు" అని రాశాను. కింద సంతకం పెట్టాను. గుండ్రంగా, శుభ్రంగా పెట్టాను కూడా.

ఆమె చదివి, "ఒక్కటీ లేదా? అయితే నాకు నేనే పెట్టుకుంటా కాజా," అని డబ్బా మూత తీసింది. సగం విరిచి నాకు పెట్టింది. తిన్నాను.

పరీక్ష నెల్లూరులో. అయిపోయి బయటికి వస్తే గేటు దగ్గర జనం మధ్యలో చేతులు ఊపుతూ ఆమె. "చూసినావా బుజ్జమ్మా! మన గుంట ప్రశ్న వచ్చింది గదా! నీళ్ళు వేడెక్కితే ఏమయితాదని! మిగతా వాళ్ళంతా తల గోక్కుంటా ఉంటే నేను టక్కున పెట్టేసినా. నువ్వూ అదే పెట్టినావు గదా?"

"ఆ అక్కా. నేనూ అదే పెట్టినా," అన్నాను. సరైన జవాబు పెట్టి వచ్చి, ఆమె ముఖం మీదే అలా అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆటో దాకా నడిపించింది. ఊదారంగు వేళ్ళు, చల్లగా ఉన్నాయి.

లిస్టు వచ్చింది. నాకు వచ్చింది. ఆమెకు అర మార్కు తగ్గి పోయింది. ఒక ప్రశ్నకు అర మార్కు. ఆ అర మార్కు ఉండి ఉంటే ఆ లిస్టులోంచి ఎవరో ఒకరు దిగాలి. ఆ ఒకరు నేనే అయి ఉండొచ్చు, కాకపోవచ్చు. అది తేల్చుకోవడానికి నేను ఎప్పుడూ ప్రయత్నించలేదు. అంత ధైర్యం ఎక్కడిది నాకు!

అప్పటి నుంచి ఆమె మారింది. నన్ను చూస్తే నవ్వేది కానీ కళ్ళు కలిపేది కాదు. జవాబుల కీ వచ్చాక ఆమెకు అంతా తెలిసిపోయిందనుకున్నాను. డేగ కళ్ళని పదిమందిలో పొగిడిన మనిషి గదా, ఆ కళ్ళు ఈ తప్పును చూడలేదంటే ఎలా నమ్ముతుంది? నా ఉద్యోగానికి చర్చిలో కృతజ్ఞతా ప్రార్థన పెట్టించింది మా అమ్మ. ఆమె వచ్చి, చివర కూర్చుని, బిరియానీ తినకుండానే వెళ్ళిపోయింది.

తర్వాత రొయ్యలు రావడం మొదలైంది. మా బడి మా ఊరికి రెండు ఊళ్ళ అవతల. ఎవరి గుంటలోనైనా పట్టుబడి అయినప్పుడల్లా, తెలిసిన ఆటో అతని చేత ఒక కవరు పంపేది. మంచివి, పెద్దవి, ఐసు వేసి. చీటీ ఉండదు, మాట ఉండదు. నాకు ప్రతి కవరూ చెంపదెబ్బలా ఉండేది. తిను, నా ఉద్యోగం తిన్నదానివి ఇవి కూడా తిను అంటున్నట్టు. ఇంట్లో అందరూ వేపుడు చేసుకుని లొట్టలేసేవాళ్ళు. నేను ఒంటికి పడవని చెప్పి పప్పుతో తినేదాన్ని. నెల్లూరు పిల్లకు రొయ్యలు పడకపోవడమేమిటని మా అత్తగారు ఇప్పటికీ ఆశ్చర్యపోతుంది.

మా చర్చిలో నెల మొదటి ఆదివారం ప్రభు సంస్కారం ఇస్తారు. రొట్టె అందుకునే ముందు, ఎవరికైనా అన్యాయం చేసి ఉంటే సరిచేసుకుని రమ్మని పాస్టరు గారు చెబుతారు. మొదటి ఆదివారాలు నాకు తలనొప్పి వచ్చేది. ఒకసారి తప్పించుకోలేక వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాను. అందరూ లేచి ముందుకు వెళ్ళారు. చూస్తే అదే బెంచీ అవతలి చివర ఆమె. ఆమె కూడా లేవలేదు. నన్ను క్షమించలేకే లేవలేదనుకున్నాను. ప్రార్థన పూర్తవకుండానే బయటపడ్డాను.

రెండేళ్ళ కిందట ఒకరోజు బడికే వచ్చింది. చిక్కిపోయింది. అప్పటికే ఒంట్లో జబ్బు ఉందని నాకు తెలియదు. పిల్లలను ఇంటర్వెల్‌కు వదిలి వరండాలో కూర్చున్నాం. నా తరగతి గదిలోకి తొంగి చూసి, బోర్డు మీది బొమ్మ చూసి, "బాగేసినావే," అంది. ఆ తర్వాత కళ్ళద్దాలు తీసి పైట కొంగుతో తుడుస్తూ కూర్చుంది. తుడిచిందే తుడుస్తోంది.

"ఒక మాట అడుగుతా, నిజం చెప్పాల. నా నోట్సు నీకు మేలు చేసిందా, కీడు చేసిందా?"

ఏడేళ్ళలో అదొక్కటే అవకాశం. ఎదురుగా కూర్చుని అడిగింది. ఏడ్చి కాళ్ళు పట్టుకోవాల్సినదాన్ని, పంతులమ్మలా నిటారుగా కూర్చుని, "మేలే చేసింది అక్కా," అన్నాను.

"అట్నా," అంది. కళ్ళద్దాలు పెట్టుకుంది. ఇంకేదో అనబోయింది. బెల్లు కొట్టారు. "పో, పిల్లోళ్ళు వస్తా ఉండారు," అని లేచింది. అదే ఆఖరు.

మా బడిలో సైన్సు టీచరు లేక ఏడో తరగతికి ఆ పాఠం నేనే చెబుతాను. ఏటా ఎవరో ఒక పిల్ల లేస్తుంది. "కాదు టీచర్, మా గుంటలో మీటరు పెడితే మధ్యాహ్నమే ఎక్కువ చూపిస్తాది!" అంటుంది. గుంటల మీద పెరిగిన పిల్లలు, ఇంకేమంటారు? పాచి సంగతి చెబుతాను, సోడా సీసా చూపిస్తాను. నిమిషంలో అర్థమైపోతుంది వాళ్ళకు. ఏటా ఆ నిమిషం దగ్గర ఆగిపోతాను. నీళ్ళు తాగి మిగతా పాఠం చెబుతాను.

బుధవారం బడి వదిలాక సంచి విప్పాను. అన్నీ ఉన్నాయి, మేత వాసనతో సహా. సైన్సు పుస్తకం అడుగున ఉంది. ముప్పై ఎనిమిదో పేజీ తెరిచాను. వాక్యం మీద ఎర్ర ఇంకుతో అడ్డగీత. నవ్వుతున్న రొయ్యను మాత్రం కొట్టివేయలేదు. చివరి పేజీకి వెళ్ళడానికి చాలాసేపు పట్టింది. ఏం రాసి ఉంటుందో నాకు తెలుసనుకున్నాను. ఎంత తిట్టినా చదవాలని గట్టిగా అనుకుని తిప్పాను.

నా "తప్పులు లేవు", నా గుండ్రటి సంతకం. దాని కింద ఆమె రాత.

"38వ పేజీ తప్పు. పట్టింది: పరీక్ష కీ. మధ్యాహ్నం పెరిగేది పాచి వల్ల. బుజ్జమ్మ కూడా నన్ను నమ్మి ఇదే పెట్టింది. నా గుంట మాట విని బిడ్డ మార్కు పోగొట్టుకుంది. దానికి ఉద్యోగం రాకపోయుంటే ఆ పాపం నాది. వచ్చింది, ప్రభువుకి స్తోత్రం. దానికి చెప్పాల. ముఖం చెల్లడం లేదు."

కింద ఇంకో ఇంకుతో, "చెప్పలేకపోయినా. రొయ్యలు పంపినా."

ఇంకా కింద, వంకర పోయిన అక్షరాలతో, "బడికి పోయినా. అడిగినా. మేలే చేసింది అనింది. నా మనసు కష్టపెట్టకూడదని అట్టా అనింది. మంచి బిడ్డ."

అర మార్కుతో తన ఉద్యోగం పోయిన సంగతి ఆ పేజీలో ఎక్కడా లేదు. రెండోసారి వెతికాను. లేదు.

ఏడ్చాను. ఏడుపుకేముంది, అది ఎప్పుడైనా వస్తుంది. ఆమె ఏడేళ్ళు నా ముందు తల వంచుకుని తిరిగింది. నేను చేసినదానికి, నాకే క్షమాపణ చెప్పలేక రొట్టె ముట్టకుండా కూర్చుంది. నేను ఒక్క నిమిషం నోరు విప్పి ఉంటే ఆమెకు ఉద్యోగం వచ్చేదో లేదో తెలియదు. తల మాత్రం ఎత్తుకుని తిరిగేది.

ఆ పేజీలో అడుగున రెండు వేళ్ళ మందం చోటు మిగిలి ఉంది. పెన్ను తీసి, పద్ధతి ప్రకారం రాశాను. "38వ పేజీలో తప్పు ఉంది. పరీక్షకు తొమ్మిది రోజుల ముందే చూశాను. అక్కకు చెప్పలేదు. పరీక్షలో సరిగ్గానే పెట్టాను." కింద పూర్తి పేరు రాసి సంతకం పెట్టాను.

తప్పు రాసిన తర్వాత పుస్తకం తిరిగి ఇచ్చేయాలి. బడి ఆయా వచ్చి గదులకు తాళాలు వేస్తూ, ఇంకా ఇంటికి పోలేదా టీచర్ అని అడిగింది. పోతున్నానని చెప్పి, పుస్తకం చేతిలో పట్టుకుని అక్కడే కూర్చున్నాను.